జీఎస్టీ బకాయి కట్టే స్తోమత లేదా? నోటీసు అందిన రోజు నుంచి మీరు చేయాల్సినవి

కొత్తచెరువులో బోరు మోటార్లు, పైపులు, కేబుళ్లు అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకోండి. జూన్‌లో రైతు వచ్చి పైపులు తీసుకుంటాడు. "శెనక్కాయ వచ్చినాక ఇస్తాలే అన్నా, ఖాతాలో రాసుకో" అంటాడు. తెలిసిన మనిషి, కాదనలేరు. ఆ తర్వాత వాన ముఖం చాటేస్తుంది. పంట రాదు, ఖాతాలో రాసిన డబ్బూ రాదు.

కానీ జీఎస్టీ వాన కోసం ఆగదు. సరుకు అమ్మితే పన్ను బాధ్యత బిల్లు తేదీతోనే పుడుతుంది, డబ్బు చేతికొచ్చిన తేదీతో కాదు. రైతు ఏడాది తర్వాత ఇచ్చినా, అసలు ఇవ్వకపోయినా, నెలనెలా రిటర్న్ వేసే వ్యాపారి ఆ పన్నును తర్వాతి నెల 20వ తేదీలోగా కట్టాల్సిందే. ఇలా రెండు మూడు సీజన్లు గడిస్తే రిటర్న్‌లు ఆగిపోతాయి. ఆపై నోటీసులు వస్తాయి. భయంతోనో, ఎటూ కట్టలేమన్న నిస్సహాయతతోనో చాలామంది వాటిని సొరుగులో పడేస్తారు.

అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. "నా దగ్గర లేదు, కట్టలేను" అంటే పన్నును రద్దు చేసే నిబంధన మన జీఎస్టీ చట్టంలో లేదు. అయితే వాయిదాలు అడిగే హక్కు ఉంది. తప్పు లెక్కను కొట్టేయించుకునే దారి ఉంది. పెనాల్టీ పడకుండా బయటపడే వీలుంది. వీటన్నింటికీ తేదీలున్నాయి. ఆ తేదీల్లోపు మీరు ఏం చేస్తారన్నదాన్ని బట్టే బకాయి మోయగలిగేంతలో ఉంటుందా, దుకాణాన్ని మింగేస్తుందా అన్నది తేలుతుంది.

శిస్తుకు వజా ఉండేది, జీఎస్టీకి లేదు

పన్ను కట్టలేని పరిస్థితి ఈ సీమకు కొత్త కాదు. దత్త మండలాల ప్రిన్సిపల్ కలెక్టర్‌గా 1800 నుంచి 1807 వరకు థామస్ మన్రో అనంతపురం కేంద్రంగానే శిస్తు లెక్కలు చూశాడు. రైత్వారీ పద్ధతిలో ఏటా జమాబందీ జరిగేది. పంట పోయిన ఏడాది శిస్తులో కొంత తగ్గించే ఆనవాయితీ ఉండేది. దాన్నే వజా అన్నారు. అది అందరికీ సక్రమంగా అందిందని చెప్పలేం కానీ, కరువు అన్న మాటకు పన్ను లెక్కలో ఒక గడి ఉండేది.

జీఎస్టీలో ఆ గడి లేదు. ఇది భూమి మీద వేసే పన్ను కాదు, సరుకు మీద కొనుగోలుదారు నుంచి వసూలు చేసి ప్రభుత్వానికి అప్పగించాల్సిన పన్ను. కాబట్టి వ్యాపారి దగ్గర ఆ డబ్బు ఇప్పటికే ఉందన్నది చట్టం ఊహ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, అప్పు ఖాతాల మీద బతికే ఊళ్లలో ఆ ఊహ ప్రతిసారీ నిజం కాదు.

విచిత్రమేమిటంటే శిస్తు కాలం నాటి వజా పోయింది కానీ, శిస్తు కాలం నాటి వసూలు చట్టం మిగిలే ఉంది. జీఎస్టీ బకాయిని కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయించే అధికారం చట్టంలోని 79వ సెక్షన్‌లో ఉంది. మన రాష్ట్రంలో అలాంటి వసూళ్లకు వాడే రెవెన్యూ రికవరీ చట్టం 1864 నాటిది.

ముందుగా తేల్చుకోండి: మీకు వచ్చింది ఏ కాగితం?

"జీఎస్టీ నోటీసు వచ్చింది" అంటే చాలదు. కాగితాన్ని బట్టి దారి మారుతుంది, గడువూ మారుతుంది.

అన్నిటికంటే ముందు పోర్టల్ తెరిచి చూడండి. నోటీసులు, ఆర్డర్లు పోర్టల్‌లోనే పెడతారు. సర్వీసెస్‌లో యూజర్ సర్వీసెస్, అందులో 'వ్యూ అడిషనల్ నోటీసెస్ అండ్ ఆర్డర్స్' అన్నచోట కూడా వెతకాలి. చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్‌లో చాలాసార్లు అకౌంటెంట్ ఫోన్ నంబరు, ఈమెయిలే ఉంటాయి. అకౌంటెంట్ మారినా, పట్టించుకోకపోయినా నోటీసు వచ్చిన సంగతే మీకు తెలియదు. బ్యాంకు ఖాతా ఆగిపోయినప్పుడే తెలుస్తుంది. మీ సొంత నంబరు పెట్టించుకోవడం ఈ రోజే చేయగలిగిన పని.

మీ ఫైలు రాష్ట్ర పన్నుల అధికారి పరిధిలో ఉందా, కేంద్ర జీఎస్టీ రేంజ్ పరిధిలో ఉందా అన్నది నోటీసు పైభాగంలోనే ఉంటుంది. జిల్లా మారి 2022 ఏప్రిల్ 4 నుంచి కొత్తచెరువు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది కదా, ఆఫీసూ మారిపోయి ఉంటుందని అనుకోవద్దు. నోటీసులో రాసిన ఆఫీసుకే జవాబివ్వాలి.

రిటర్న్ వేయనందుకు అంచనా ఆర్డర్ వచ్చిందా?

రిటర్న్ వేయకపోతే మొదట 15 రోజుల గడువుతో జీఎస్‌టీఆర్-3ఏ నోటీసు వస్తుంది. అప్పటికీ వేయకపోతే అధికారి తన దగ్గరున్న సమాచారంతో మీ అమ్మకాలను అంచనా కట్టి 62వ సెక్షన్ కింద ఆర్డర్ ఇస్తారు. ఆ అంచనా మీ అసలు అమ్మకాల కంటే ఎక్కువే ఉండొచ్చు.

ఇక్కడ చట్టం ఒక మంచి వీలు ఇచ్చింది. ఆర్డర్ అందిన 60 రోజుల్లోపు సరైన రిటర్న్ వేసేస్తే ఆ ఆర్డర్ దానంతటదే రద్దయినట్టు లెక్క. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల అదనపు ఆలస్య రుసుముతో (కేంద్ర, రాష్ట్ర వాటాలకు విడివిడిగా) ఇంకో 60 రోజులు ఉంటుంది. అసలు పన్ను, వడ్డీ, ఆలస్య రుసుము కట్టాలి కానీ, అంచనా మొత్తం పోతుంది. అంచనా పెద్దగా ఉన్న కేసుల్లో ఇంతకు మించిన ఉపశమనం ఇంకోటి లేదు.

ఆలస్య రుసుము గురించి అనవసరంగా బెంబేలు పడొద్దు. ఏడాది టర్నోవర్ కోటిన్నర దాటని వారికి ఒక్కో రిటర్న్‌కు గరిష్ఠంగా 2,000 రూపాయలు, అమ్మకాలే లేని నిల్ రిటర్న్‌కు 500 రూపాయలు. అయితే గడువు తేదీ దాటి 3 ఏళ్లయిన రిటర్న్‌ను పోర్టల్ ఇక తీసుకోదు. వాయిదా వేసుకుంటూ పోతే ఈ దారీ మూసుకుపోతుంది.

షోకాజ్ నోటీసు వచ్చిందా?

ఇది ఇంకా ఆర్డర్ కాదు. "ఇంత తక్కువ కట్టారు, ఎందుకు వసూలు చేయకూడదో చెప్పండి" అని అడగడం. మోసం ఆరోపణ లేని కేసుల్లో, 2023-24 ఆర్థిక సంవత్సరం వరకు ఉన్న బకాయిని నోటీసు వచ్చిన 30 రోజుల్లోపు వడ్డీతో కట్టేస్తే పెనాల్టీ ఉండదు. 2024-25 నుంచి బకాయిలకు ఆ గడువు 60 రోజులు. దాటితే పన్నులో 10 శాతం లేదా 10,000 రూపాయలు, ఏది ఎక్కువైతే అది పెనాల్టీగా పడుతుంది.

లెక్క తప్పనిపిస్తే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేసి గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆఫీసుకెళ్లి నోటితో చెప్పి రావడం జవాబు కిందికి రాదు. స్వయంగా వాదన వినిపిస్తానని అందులోనే అడగండి.

లెక్క సరైనదే, డబ్బే లేదు: వాయిదాలు అడగండి

ఆర్డర్ వచ్చాక కట్టడానికి సాధారణంగా 3 నెలల గడువు ఉంటుంది. ఈ 3 నెలలే మీకు కీలకం. జీఎస్టీ చట్టంలోని 80వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తాన్ని గరిష్ఠంగా 24 నెలవారీ వాయిదాల్లో కట్టేందుకు అనుమతి కోరవచ్చు. పోర్టల్‌లో డీఆర్‌సీ-20 ఫారంతో దరఖాస్తు చేయాలి. మీకు కట్టే శక్తి ఎంత ఉందో అధికారి నివేదిక తెప్పించుకుంటారు. అనుమతి ఇస్తున్నదీ, లేనిదీ డీఆర్‌సీ-21 ద్వారా తెలుపుతారు.

దరఖాస్తులో "ఇబ్బందుల్లో ఉన్నాను" అని ఒక్క వాక్యం రాస్తే పని కాదు. ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్, రావాల్సిన అప్పుల ఖాతా, ఉన్న సరుకు విలువ, బ్యాంకు రుణాల వాయిదాలు జత చేయండి. మీ మండలాన్ని ఆ ఏడాది ప్రభుత్వం కరువు మండలంగా ప్రకటించి ఉంటే ఆ ఉత్తర్వు కాపీ కూడా పెట్టండి. అది పన్ను తగ్గించదు కానీ, మీరు చెప్పే కారణానికి బలమిస్తుంది. నెలకు ఎంత కట్టగలరో మీరే నిజాయితీగా చెప్పండి. కట్టలేని అంకె రాసి అనుమతి తెచ్చుకోవడం కంటే కట్టగలిగిన అంకె అడగడం మేలు. ఎందుకంటే ఒక్క వాయిదా తప్పినా మిగిలిన మొత్తమంతా వెంటనే కట్టాల్సి వస్తుంది, మళ్లీ నోటీసు కూడా ఇవ్వరు.

ఒక లెక్క చూద్దాం. బకాయి 2,40,000 రూపాయలు అనుకుందాం. 24 వాయిదాలంటే నెలకు 10,000. వడ్డీ ఏడాదికి 18 శాతం, అంటే నెలకు ఒకటిన్నర శాతం. మొదటి నెల వడ్డీ 3,600 రూపాయలు. అసలు తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. రెండేళ్లకు మొత్తం వడ్డీ సుమారు 45,000 అవుతుంది. అదే రెండేళ్లు ఏమీ కట్టకుండా ఉంటే వడ్డీ ఒక్కటే 86,400. పైగా అసలు అలాగే ఉంటుంది, ఈలోగా ఖాతా కూడా ఆగిపోవచ్చు.

ఈ వాయిదాలు ఎవరికి రావు?

ఈ విషయం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మీ రిటర్న్‌లో మీరే చూపించుకున్న పన్నుకు ఈ వాయిదాలు వర్తించవు. అధికారి ఆర్డర్ ద్వారా తేల్చిన మొత్తానికే వర్తిస్తాయి. బకాయి 25,000 రూపాయల లోపు ఉన్నా, ఇప్పటికే ఇంకో బకాయి ఎగ్గొట్టి దానిపై వసూలు నడుస్తున్నా ఇవ్వరు. జీఎస్‌టీఆర్-1లో అమ్మకాలు చూపించి జీఎస్‌టీఆర్-3బీలో పన్ను కట్టకపోతే, విడిగా ఆర్డర్ లేకుండానే వసూలుకు దిగే అధికారం కూడా శాఖకు ఉంది.

మరి నెలల తరబడి రిటర్న్‌లు ఆగిపోయిన దుకాణదారు ఏం చేయాలి? పాత నెల రిటర్న్ వేయనిదే కొత్త నెలది పోర్టల్ తీసుకోదు. కాబట్టి అన్నింటికంటే పాత నెల నుంచి మొదలుపెట్టండి. చేతిలో 15,000 ఉంటే ఆ డబ్బుతో ఏ నెల పూర్తవుతుందో ఆ నెల రిటర్న్ వేసేయండి. తర్వాత ఇంకో నెల. చట్టం దీన్ని వాయిదా అనకపోయినా, ఆచరణలో మీకు దొరికే వాయిదా ఇదే. వరుసగా రెండు రిటర్న్‌లు ఆగితే ఈ-వే బిల్లు కూడా నిలిచిపోతుంది, సరుకు కదలదు. అందుకే ఈ వరుసను వీలైనంత త్వరగా దగ్గరికి లాక్కోవాలి.

లెక్కే తప్పు అనుకుంటే

ఆర్డర్ అందిన 3 నెలల్లోపు అప్పీలు వేయాలి. తగిన కారణం చూపితే ఇంకో నెల వరకు క్షమించవచ్చు, అంతకు మించి కుదరదు. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందుగా కట్టాలి. పై ఉదాహరణలో మొత్తం వివాదంలో ఉంటే 24,000. అది కడితే మిగతా మొత్తం వసూలు అప్పీలు తేలేదాకా ఆగుతుంది. అయితే లెక్క సరైనదేనని తెలిసీ కాలక్షేపానికి అప్పీలు వేయొద్దు. ఓడిన రోజున ఈలోపు పెరిగిన వడ్డీ మొత్తం మీ నెత్తినే పడుతుంది.

ఏమీ చేయకపోతే?

గడువు దాటాక బ్యాంకుకు నోటీసు పంపి మీ ఖాతాలోని డబ్బు తీసుకోవచ్చు. మీకు బాకీ ఉన్న వాళ్లకు నోటీసు ఇచ్చి ఆ డబ్బు తమకే కట్టమనవచ్చు. సరుకును, స్థిర చరాస్తులను జప్తు చేసి అమ్మవచ్చు. కలెక్టర్‌కు పంపి శిస్తు బకాయిలా వసూలు చేయించవచ్చు.

యజమాని చనిపోయినా బకాయి చావదు. కుటుంబంలో ఎవరైనా ఆ వ్యాపారాన్ని కొనసాగిస్తే బాధ్యత వాళ్ల మీద పడుతుంది. వ్యాపారం ఆపేస్తే మాత్రం చనిపోయిన వ్యక్తి వదిలి వెళ్లిన ఆస్తి మేరకే వసూలు చేయాలి. భార్యాపిల్లల సొంత సంపాదన జోలికి రాకూడదు. భర్త పోయాక దుకాణం తెరవాలా వద్దా అని ఆలోచించే ఇల్లాలికి ఈ తేడా ముందే తెలియాలి.

దుకాణం మూసేసిన వాళ్లు రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు చేయడం మరచిపోవద్దు. షట్టర్ దించినంత మాత్రాన రిటర్న్‌లు ఆగవు.

మాఫీ పథకం వస్తుందని ఆగొచ్చా?

వస్తే వాడుకోండి, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. 2017-18, 2018-19, 2019-20 సంవత్సరాల బకాయిలకు జీఎస్టీలో 128ఏ సెక్షన్ కింద వడ్డీ, పెనాల్టీ మాఫీ చేశారు. కానీ అసలు పన్ను మొత్తం 2025 మార్చి 31లోపు కట్టిన వారికే. మాఫీ అన్న మాటలో అసలు ఎప్పుడూ ఉండదని గుర్తుంచుకోండి. డబ్బు లేక ఆగిన వ్యాపారికి ఆ పథకం కూడా సగం తలుపే తెరిచింది.

యూట్యూబ్‌లో "పన్ను అప్పు పావలా వంతుకే సెటిల్" అనే మాటలు వినిపిస్తే మోసపోవద్దు. కట్టే శక్తిని బట్టి అసలు పన్నునే తగ్గించి రాజీ కుదుర్చుకునే పద్ధతి అమెరికాలో ఉంది. అక్కడి మన బంధువులు చెప్పేది నిజమే. అది ఇక్కడ లేదు. ఆదాయపు పన్నులో ఉండిన సెటిల్‌మెంట్ కమిషన్‌ను కూడా 2021 ఫిబ్రవరి 1 నుంచి ఎత్తేశారు.

బకాయి ఆదాయపు పన్నుదైతే

ఇక్కడ నిబంధనలు కాస్త మెత్తన. డిమాండ్ నోటీసు అందాక సాధారణంగా 30 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువులోపే అధికారికి దరఖాస్తు చేస్తే సమయం పెంచవచ్చు, వాయిదాలు ఇవ్వవచ్చు. తర్వాత నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది. ఆ వడ్డీని తగ్గించమని, మాఫీ చేయమని కూడా కోరవచ్చు. అందుకు మూడు షరతులు: కట్టడం నిజంగా కష్టమై ఉండాలి, కట్టలేకపోవడానికి కారణం మీ చేతిలో లేనిదై ఉండాలి, విచారణకు మీరు సహకరించి ఉండాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో కొత్త చట్టం కాబట్టి, దరఖాస్తులో మీ నోటీసుపై ఉన్న సెక్షన్ నంబరునే రాయండి.

మారాల్సింది ఏమిటి?

బ్రిటన్‌లో వ్యాపారి తన వ్యాట్ కట్టేశాక కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడితే, 6 నెలల తర్వాత ఆ పన్నును తిరిగి కోరే వీలుంది. మన జీఎస్టీలో సరుకు వాపసు వచ్చినప్పుడో, లోపం ఉన్నప్పుడో క్రెడిట్ నోట్ ఇవ్వొచ్చు కానీ, రాని అప్పుకు ఆ సౌకర్యం లేదు. రిజిస్టరైన వ్యాపారి 180 రోజుల్లో సరుకు డబ్బు ఇవ్వకపోతే అతని దగ్గర్నుంచి ఇన్‌పుట్ క్రెడిట్‌ను ప్రభుత్వం వెనక్కి తీసుకుంటుంది. అమ్మిన వ్యాపారి కట్టిన పన్ను మాత్రం తిరిగి ఇవ్వదు. కరువు ప్రాంతాల్లో అప్పు మీద నడిచే వ్యాపారానికి ఇది నేరుగా తగిలే దెబ్బ. వాయిదాలను రిటర్న్‌లో చూపిన పన్నుకు కూడా వర్తింపజేస్తే, నిజం దాచకుండా లెక్క చూపిన వాడే ఎక్కువ నష్టపోయే పరిస్థితి తప్పుతుంది.

అది మారేదాకా మీ చేతిలో ఉన్నవి తేదీలే. నోటీసు వచ్చిన రోజే దాని మీద అందిన తేదీ రాసుకోండి. పక్కన 30, 60, 90 రోజులకు ఏ తేదీ వస్తుందో రాయండి. సందేహం ఉంటే జీఎస్టీ హెల్ప్‌డెస్క్ 1800-103-4786కు ఫోన్ చేయండి. లాయరుకు ఇచ్చుకోలేకపోతే ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆ సహాయానికి ఆదాయ పరిమితి కూడా లేదు.

పంట రాకపోవడం రైతు తప్పు కాదు, ఆ రైతును నమ్మి సరుకిచ్చిన మీ తప్పూ కాదు. ఆ సంగతి అధికారికి తెలియాలంటే మాత్రం గడువులోపు మీరే రాసి చెప్పాలి.